రాయి మీద నిలిచిన నీళ్ళు

నేను మోసాలు పట్టే మనిషిని. గొప్ప కోసం చెప్పడం లేదు, నందిగామలో జగన్నాథరావు ఎవరని అడిగితే ఎవరైనా ఇదే చెబుతారు. కాలేజీలో ఫిజిక్సు పాఠం చెప్పడం నా ఉద్యోగం, సెలవు రోజుల్లో ఊరూరా తిరిగి బాబాల గుట్టు విప్పడం నా సరదా. గాలిలోంచి విబూది తీసేవాడు, కొబ్బరికాయలోంచి పూలు రాల్చేవాడు, అరచేతిలో కర్పూరం వెలిగించి మహిమ అనేవాడు, పాతికేళ్ళలో ఒక్కడు కూడా నా చేతిలోంచి తప్పించుకోలేదు. నా పద్ధతి చాలా తేలిక. ఆట సాగుతుండగా మధ్యలో ఆపించాలి. చొక్కా చేయి పైకి మడిచి, కింద ఏముందో తీసి జనానికి చూపించాలి. ఆపితే చాలు, ఏ మాయైనా అక్కడికక్కడే చస్తుంది.

పోయిన డిసెంబరులో జగ్గయ్యపేటలో కూడా అదే పద్ధతి వాడాను. ఆ సంగతే చెబుతున్నాను.

హైస్కూల్లో సైన్సు ఎగ్జిబిషన్. నాలుగైదు మండలాల పిల్లలు వచ్చారు. జడ్జిని నేను. బాగున్న ప్రాజెక్టులన్నిటికీ సర్టిఫికెట్లు ఇస్తారు గానీ, జిల్లా స్థాయికి వెళ్ళేది ఒక్కటే. పొద్దున పదింటికి నందిగామ నుంచి బస్సు దిగి, టీ తాగి, మొదలుపెట్టాను. అయిదు అగ్నిపర్వతాలు చూశాను. ఇంజెక్షన్ సిరంజిలతో లేచే వంతెనలు మూడు. సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము తగ్గించే యంత్రం ఒకటి, అది చేసిన కుర్రాడి మొహం నిండా దుమ్మే. అన్నీ ఏటా చూసేవే. ఆవులింతలు ఆపుకుంటూ వరండా చివరికి వచ్చి నిలబడిపోయాను.

అక్కడ పెళ్ళి స్టేజీ ఉంది.

నిజంగానే. రిసెప్షన్లలో పెళ్ళికూతురినీ పెళ్ళికొడుకునీ నిలబెట్టి గుండ్రంగా తిప్పుతారే, ఆ రివాల్వింగ్ స్టేజీ. ఎర్ర తివాచీ, అంచు చుట్టూ బంగారు రంగు జాలరు, అన్నీ అలాగే ఉన్నాయి. దాని నడిమధ్యన పెద్ద గాజు తొట్టి, పెళ్ళిళ్ళలో గుమ్మం దగ్గర గులాబీ రేకులు తేలేసే రకం. తొట్టిలో జానెడు నీళ్ళు. స్టేజీ మెల్లగా తిరుగుతోంది, ఒక చుట్టుకి ఇరవై సెకన్లు పడుతోంది. పక్కన పదో తరగతి పిల్ల, తెల్ల చున్నీ, చేతిలో మందుసీసాల డ్రాపరు. అట్ట మీద పేరు రాసి ఉంది: షేక్ సుల్తానా. దాని కింద ప్రాజెక్టు పేరు: 'ముక్త్యాల అన్సార్ తాత చెప్పిన మాట నిజమేనా?'

ఇదేం పేరు అనుకుని నవ్వుకున్నాను. ముక్త్యాల అన్నా, అన్సార్ అన్నా నాకు ఏమీ గుర్తుకు రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే దానికే ఎక్కువ సిగ్గేస్తుంది.

"ఏంటమ్మా ఇది?"

"తొట్టి అడుగున రాయి ఉంది చూడండి సార్."

చూశాను. ఇక్కడి క్వారీలో దొరికే సున్నపురాయి బిళ్ళ, అరచేయంత వెడల్పు, రెండంగుళాల మందం. తొట్టి మధ్యలో కాక కొంచెం పక్కగా పెట్టింది. రాయి పైన ఆరేడు అంగుళాల వట్టి నీళ్ళు. ఆ నీళ్ళలో, సరిగ్గా రాయి పైన, నీలి సిరా నిలబడి ఉంది.

నిలబడి ఉంది అనే అనాలి, వేరే మాట లేదు. రాయి అంచు దగ్గర మొదలై, నీళ్ళ పైదాకా, గుండ్రంగా, నిటారుగా ఒక నీలి స్తంభం. చుట్టూ ఎర్ర సిరా తీగలు మెల్లగా కదులుతూ వచ్చి, ఆ స్తంభం దాకా వచ్చి, పక్కకి తప్పుకుని పోతున్నాయి. నీళ్ళలో సిరా పోస్తే పొగలా పాకుతుంది, పసిపిల్లలకి కూడా తెలుసు. ఇది పాకడం లేదు. ఒక్క క్షణం నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాను. రెండో క్షణంలో నాలోని మోసాలు పట్టే మనిషి లేచి కూర్చున్నాడు.

"లోపల ప్లాస్టిక్ గొట్టం పెట్టావు కదూ?"

"లేదు సార్. కింద రాయి ఉంది కదా, అందుకని పైన నీళ్ళు కూడా..."

"కిందున్న రాయి సంగతి పైనున్న నీళ్ళకి ఎవరు చెప్పారమ్మా? రాయి ఉత్తరం రాసిందా?"

చుట్టూ ఉన్న పిల్లలు ఘొల్లున నవ్వారు. ఈ జోకు నాకు పాతదే, చాలా ఊళ్ళలో వేశాను, ఎక్కడా తప్పలేదు. సుల్తానా మాత్రం నవ్వలేదు. చటుక్కున తలెత్తి నా మొహంలోకి చూసింది, ఎవర్నో గుర్తుపట్టినట్టు. నేను పట్టించుకోలేదు.

"ఆపు" అన్నాను.

"ఆపితే పోద్ది సార్."

ఇక నాకు అనుమానమే లేకుండా పోయింది. పాతికేళ్ళుగా ప్రతి దొంగబాబా నోటా నేను విన్న మాట ఇదే. నమ్మకం లేనివాళ్ళు చూస్తే పోతుంది, దీపం వేస్తే పోతుంది, ఆపితే పోతుంది. నేనే వంగి స్విచ్చు నొక్కేశాను. స్టేజీ ఆగింది. తొట్టి ఆగినా నీళ్ళు ఆగలేదు, గిర్రున తిరిగాయి. నీలి స్తంభం వంకరపోయి, చిరిగి, పదిహేను సెకన్లలో నీళ్ళన్నీ మురికి రంగుకి వచ్చాయి. చొక్కా చేయి మడిచి తొట్టిలో చేయి పెట్టాను. గొట్టం లేదు. దారం లేదు. రాయి ఎత్తి చూశాను. రాయి కింద రాయి ముద్ర తప్ప ఏమీ లేదు.

ఏమీ లేదని తెలిశాక ఏ బుద్ధున్నవాడైనా ఆగి ఆలోచిస్తాడు. నాకు మాత్రం కోపం వచ్చింది. ఇంత చిన్నపిల్ల నాకు దొరక్కుండా చేసిందే అన్న కోపం. ఎర్ర మార్కరు తీసి ఆమె అట్ట మీద అడ్డంగా, వరండా అవతలికి కూడా కనబడేటంత పెద్ద అక్షరాలతో 'మోసం' అని రాశాను. అంతటితో ఊరుకోక మైకులో కూడా చెప్పాను. సైన్సు పేరుతో గారడీ చేయవద్దని, పిల్లల్ని ఇలా తయారుచేస్తున్న పెద్దల్ని అనాలని. సుల్తానా ఏడవలేదు. చున్నీ కొసతో తివాచీ మీద ఒలికిన నీళ్ళు తుడుస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో పులిహోర పెట్టారు. చేయి కడుక్కుంటే నీలం పోలేదు. సబ్బు పెట్టి రుద్దినా పోలేదు. ఆ నీలి వేళ్ళతోనే తింటున్నాను. గొట్టం లేదు, దారం లేదు. మరి ఏమిటది?

ఎగ్జిబిషన్ బాధ్యత చూసే కొండలరావు గారు జాబితా తెచ్చి సంతకం చేయించుకున్నారు. ఆ దుమ్ము యంత్రానికే జిల్లా అవకాశం రాశాను. "అయిదింటికి ఆఫీసుకి పంపించేస్తానండీ" అన్నారాయన.

రెండున్నరకి ఒకాయన గుమ్మంలో నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, చొక్కా జేబులో టేపు, చెవిలో పెన్సిలు.

"నమస్తే సార్. నా పేరు నౌషాద్ అండి. పెళ్ళి డెకరేషన్లు చేస్తా. సుల్తానా మా అమ్మాయండి."

పోట్లాటకి వచ్చాడనుకుని కుర్చీలో సర్దుకున్నాను.

"నాలుగింటికి ఆ స్టేజీ తీసేసుకుంటానండి. సాయంత్రం నందిగామలో రిసెప్షనుంది. ఈలోపు మీతో ఒక మాట అడిగి పోదామని వచ్చా."

"అడగవయ్యా."

"మీరు ఏ ఊళ్ళో మోసం పట్టినా, అది ఎట్టా చేసారో జనానికి విప్పి చూపిస్తారంట కదండి. మా అమ్మాయి చేసిన మోసం కూడా ఏంటో నాకు చూపించండి సార్. స్టేజీ నాది, తొట్టి నాది, రాయి నేనే క్వారీ కాడ ఏరుకొచ్చా. మోసం ఏడుందో నాకు తెలీటంలా. ఉంటే ఇంటికి పోయాక రెండు తగిలిస్తా."

ఎగతాళి కాదు. ఆ మనిషి నిజంగానే అడిగాడు. నా మాట మీద నమ్మకంతో, సొంత కూతురి మీద అనుమానం తెచ్చుకుని అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. విప్పి చూపించలేనిదాన్ని మోసం అనడం నా పాతికేళ్ళలో ఎప్పుడూ చేయలేదు. ఆ ఒక్క నియమం మీదే నేను ఊళ్ళలో తలెత్తుకుని తిరిగాను. పులిహోర ప్లేటు అక్కడే పెట్టి లేచాను.

వరండాలో సుల్తానా తొట్టిలో మురికి నీళ్ళు తీసేసి మంచినీళ్ళు నింపి ఉంచింది. ఎవరూ చెప్పకుండానే.

"మళ్ళీ చెయ్యమ్మా. చూస్తాను" అన్నాను.

"ఇరవై నిమిషాలు పడుద్ది సార్. నీళ్ళు మొత్తం తొట్టితో కలిసి తిరగాలి. మధ్యలో ఎవరూ ముట్టుకోకూడదు. ఆపకూడదు."

"ఆపను."

"బయట నిలబడి చూస్తే మీకు మళ్ళీ అనుమానం వస్తది. స్టేజీ ఎక్కండి సార్. తొట్టి పక్కనే కూర్చుని చూడండి."

యాభై ఎనిమిదేళ్ళ వాణ్ణి, తొంభై కిలోల వాణ్ణి. ఎర్ర తివాచీ మీద, బంగారు జాలరు మధ్య, పెళ్ళికొడుకు నిలబడే చోట ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. స్టేజీ కదిలింది. పిల్లలు మూగారు. ఎవడో ఈల వేశాడు, ఇంకెవడో "అక్షింతలేవిరా" అన్నాడు. నా ముందు నుంచి స్కూలు గేటు, వేపచెట్టు, నీళ్ళ ట్యాంకు, కొండలరావు గారి మొహం వరసగా వచ్చి పోతున్నాయి, మళ్ళీ వస్తున్నాయి. అయిదు నిమిషాలకి వాటిని చూడడం మానేశాను. కళ్ళు తొట్టి మీదే పెట్టుకున్నాను.

సుల్తానా కూడా అవతలి వైపు మోకాళ్ళ మీద కూర్చుని తిరుగుతోంది. ఇరవై నిమిషాలయ్యేసరికి నీళ్ళు నా కళ్ళకి పూర్తిగా ఆగిపోయినట్టు కనిపించాయి. లోకం తిరుగుతోంది, నీళ్ళు కదలడం లేదు. అప్పుడామె డ్రాపరుతో రాయి పైన నీలి సిరా నింపింది. నౌషాద్‌కి సైగ చేసింది. ఆయన రెగ్యులేటరు వెంట్రుకవాసి తిప్పాడు.

"ఇప్పుడు స్టేజీ కొంచెం తగ్గింది సార్. నీళ్ళు ఇంకా పాత స్పీడులోనే ఉన్నాయి. అందుకని రాయిని దాటి పోతా ఉంటాయి. చూడండి."

తొట్టి అంచు దగ్గర, నీళ్ళ పైపొరలో, ఒక ఎర్ర చుక్క వదిలింది. అది తీగలా సాగుతూ వచ్చింది. ఆ తీగకీ అడుగునున్న రాయికీ మధ్య ఆరంగుళాల వట్టి నీళ్ళున్నాయి. దాని దారికి ఏ అడ్డమూ లేదు, నేరుగా పోవచ్చు. రాయి అంచు పైకి వచ్చింది. అక్కడ ఏదో గోడ ఉన్నట్టు పక్కకి ఒరిగింది. లేని గోడని ఒరుసుకుంటూ గుండ్రంగా చుట్టి, అవతల వైపు మళ్ళీ తన దారిన పోయింది. నీలం చెక్కుచెదరలేదు.

నా వేలు దానంతటదే లేచింది, పొడిచి చూడాలని. రెండో చేత్తో పట్టుకుని ఆపుకున్నాను. భయమే వేసింది నాకు, అబద్ధం ఎందుకు? నేను జీవితమంతా ఇలాంటివి లేవనే చెప్పాను.

"ఎందుకమ్మా?" అన్నాను.

"తిరిగే నీళ్ళు నిలువునా ఒకటిగా పోతాయంట సార్. కింద నీళ్ళు రాయిని చుట్టుకుని పోవాల్సి వస్తే, వాటి పైనున్న నీళ్ళు కూడా అట్టాగే పోతాయి, రాయి అంత ఎత్తు ఉన్నట్టే. నేను ఫోన్లో చూసి నేర్చుకున్నా. తిరగని నీళ్ళలో ఇట్టా కాదు. అందుకే ఆపితే పోద్ది అన్నా."

అప్పుడు గుర్తొచ్చింది. ఎమ్మెస్సీ రెండో ఏడు. తిరిగే ద్రవాల పాఠం. చివర్లో, అడుగు ఎగుడుదిగుడుగా ఉంటే ఏమవుతుందో ఒక పేజీన్నర. కష్టంగా ఉందని ఛాయిస్‌లో వదిలేశాను. ముప్పై అయిదేళ్ళ క్రితం నేను తిప్పేసిన ఆ పేజీన్నరకి, ఇవాళ ఒక పదో తరగతి పిల్ల అట్ట మీద ఎర్ర మార్కరుతో మోసం అని రాశాను.

వెంటనే ఇంకొకటి గుర్తొచ్చింది. అది వచ్చాక కుర్చీలో కూర్చోలేకపోయాను.

ముక్త్యాల. ఇరవై ఏళ్ళ క్రితం. స్కూలు ముందు మా ప్రదర్శన. విబూది గుట్టు విప్పి చప్పట్లు కొట్టించుకున్నాక, ఎవరైనా ప్రశ్నలు అడగవచ్చన్నాను. వెనక నుంచి లుంగీ కట్టుకున్న పడవ మనిషి లేచాడు. కృష్ణలో సుడి తిరిగే చోట కింద గుండురాయి ఉంటుందని, నాలుగు నిలువుల లోతున ఉన్నా సరే పైనీళ్ళు దాన్ని చుట్టిపోతాయని, ఆ నడుమ పడవ పెడితే అక్కడే నిలుస్తుందని, అది ఎందుకో చెప్పమని అడిగాడు. చేతులు కట్టుకుని అడిగాడు. నేను మైకులో అన్నాను: "నాలుగు నిలువుల కిందున్న రాయి సంగతి పైనీళ్ళకి ఎవరు చెప్పారు బాబూ? రాయి ఉత్తరం రాసిందా?" ఊరు ఊరంతా నవ్వింది. ఆ మనిషి కూడా నవ్వబోయి, నవ్వలేక కూర్చున్నాడు. ఆ జోకు పుట్టింది అక్కడే. తర్వాత ఎన్ని ఊళ్ళలో వాడుకున్నానో లెక్కలేదు.

నదిలో సుడికి ఇంకా చాలా కారణాలు ఉండవచ్చు. ఆయన చూసింది సరిగ్గా ఇదే అని నేను ప్రమాణం చేయలేను. కానీ ఆ రోజు నేను కారణాలు చెప్పలేదు. నవ్వించాను.

"ఆయన మీ తాతా?" అన్నాను.

"అమ్మ వాళ్ళ నాన్న సార్" అంది సుల్తానా. ఎర్ర తీగ మీంచి కళ్ళు తిప్పలేదు. "మీరు పొద్దున ఉత్తరం అన్నప్పుడు తెలిసింది, మీరేనని. మా ఇంట్లో అందరికీ తెలుసు ఆ మాట."

స్టేజీ దిగేటప్పుడు నౌషాద్ గారు భుజం పట్టుకున్నారు. నేరుగా కొండలరావు గారి దగ్గరికి వెళ్ళి జాబితా మార్చాలన్నాను. ఆయన కళ్ళద్దాల మీంచి చూశారు.

"మైకులో చెప్పేసాక ఎట్టా మారుస్తామండీ? మారిస్తే జడ్జిమెంటు తప్పని మీరు రాసివ్వాల. ఫైల్లో ఉండిపోద్ది అది. ఇంక ఏ స్కూలోళ్ళూ మిమ్మల్ని పిలవరు, ఆలోచించుకోండి."

రాసిచ్చాను. నా తెలివితక్కువతనం వల్ల సరైన ప్రయోగాన్ని మోసం అన్నానని, అదీ తెలుగులో, సంతకంతో సహా. ఆ కాగితం పట్టుకెళ్ళి సుల్తానాకి చూపించాను. మొత్తం చదివింది.

"సార్, 'మోసం' అని పెద్దగా రాసారు. ఇది చిన్నగా ఉంది."

"ఊరుకోవే" అని నౌషాద్ గారు గదిమారు. నేను వద్దన్నాను. ఎర్ర మార్కరు తీసి ఆ అట్ట మీదే, ముందు రాసిన దానికన్నా పెద్ద అక్షరాలతో 'మోసం కాదు' అని రాసి, కింద నా పేరు రాశాను. మైకు తీసుకుని అదే మాట చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు, చప్పట్లు కూడా కొట్టలేదు. పిల్లలు నన్ను వింతగా చూశారు.

నాలుగు కావస్తోంది. నౌషాద్ గారు తొట్టి దించి తుడుస్తున్నారు, ట్రాలీ ఆటో గేటు దగ్గర ఆగి ఉంది. అప్పటికి నా మనసు కొంచెం కుదుటపడింది. తప్పు చేశాను, దిద్దుకున్నాను, పిల్ల జిల్లాకి పోతుంది. ఇక ఒక్కటే మిగిలింది.

"మీ తాత ఉన్నారా అమ్మా?"

"ఉన్నాడు సార్. ముక్త్యాలలోనే."

"ఫోను కలుపు. నేను మాట్లాడతాను."

కలిపి ఇచ్చింది. "ఎవరండీ?" అన్నాడు అటు నుంచి ముసలి గొంతుతో. నేనెవరో చెప్పాను. ఆ రోజు సంగతి చెప్పాను. మీ మనవరాలు చేసి చూపించిందని, మీరు చెప్పినట్టే కింద రాయి ఉంటే పైనీళ్ళు చుట్టిపోవడం నా కళ్ళతో చూశానని, తప్పు నాదేనని చెప్పాను.



"పిల్ల బాధపడిందని చెబుతున్నారేమోలెండి సార్" అన్నాడు ఆయన చాలా మర్యాదగా. "మీరు చదువుకున్నోళ్ళు. ఆ రోజు మీరు కాదన్నాక నాకూ అర్థమయింది, నా కళ్ళే తప్పు చూసుంటాయని. పిల్లకి కూడా చెప్పా, అదంతా ఉత్తదే, పెట్టుకోవద్దని. వింటేగా."

"కాదండీ! మీరు చూసింది నిజం. మీరు ఒక్కసారి మళ్ళీ చెప్పండి, ఆ సుడి దగ్గర నీళ్ళు ఎలా పోయేవో. ఈసారి నేను రాసుకుంటాను."

గుర్తు చేసుకుంటున్నాడనుకుని పెన్ను తీశాను.

"లేదండి. గుర్తులేదు" అన్నాడు. "పదిహేనేళ్ళు పడవ నడిపా ఆ తరవాత. రోజూ దాని పక్కనించే పోయేవోణ్ణి. కానీ మీరు లేదన్నారు కదండి. ఇంక అటేపు చూట్టం మానేసా."

ఉంటానండి అని ఆయనే పెట్టేశాడు. ఫోను సుల్తానాకి తిరిగి ఇచ్చాను. దాని అద్దం మీద నా నీలి వేలిముద్రలు పడ్డాయి, ఆమె చున్నీతో తుడుచుకుంది.